గళ్ళలో లేని రాక్షసుడు

సత్యనారాయణపేటలో మా మామ పోయాడని రెండు వారాల కింద పొద్దున్నే ఫోన్ వచ్చింది. మామ అంటే అమ్మకు తమ్ముడు. వినగానే ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయన ఇంటి పక్క వాటాలోనే నేను పెరిగాను.

బెంగళూరులో చదివి వస్తూ మామ ఒక వింత ఆట తెచ్చాడు. ఆయన కథ చెబుతాడు, నేనూ తమ్ముడూ అందులో పాత్రలమవుతాం. కత్తి తగిలిందో లేదో పాచికలు తేలుస్తాయి. కొందరు యుద్ధానికి రంగుల బొమ్మలు పేరుస్తారట. మాకు అవెక్కడివి? మామ బండల మీద సుద్దతో గళ్ళు గీసి నాకు చింతగింజ, తమ్ముడికి సోడా మూత పెట్టేవాడు. మేం కొట్లాడాల్సిన రాక్షసుడికి మాత్రం ఏమీ పెట్టేవాడు కాదు.

"వాడు యాడుండాడు మామా?"

"గళ్ళలో పెడితే వాడెంత దూరముండాడో తెలిసిపోతాది పాపా. నీ తలకాయలోనే ఉండనీ."

పట్టపగలు కూడా వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని. "బిడ్డల్ని జడిపించి సంపుతాండావు కదప్పా!" అని అమ్మ తిట్టేది. మామ నవ్వేవాడు.

రోడ్లన్నీ ఎర్రదుమ్ముతో నిండిన, ఇనుపరాయి తవ్వే మైన్స్ రోజులవి. నాయన కూడా సేద్యం వదిలి డ్రైవరుగా లారీ ఎక్కాడు. ఒక వానాకాలం సాయంత్రం, మైన్స్ దారిలో కూరెకుప్ప దగ్గర లారీ బోల్తా పడిందని, ఎవరిదో తెలియదని కబురొచ్చింది. మామ ఎన్నిసార్లు ఫోన్ చేసినా నాయన ఎత్తలేదు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. కళ్ళు మూస్తే నాయన లారీ కింద ఉన్నాడు. తెరిస్తే ఒళ్ళంతా ఎర్రగా వాకిట్లో నిలబడి ఉన్నాడు.

మామ నా పక్కన కూర్చుని గళ్ళు గీశాడు. ఆటలో ఎన్నడూ చేయని పని చేశాడు. ఒక ఇనుపరాయి తెచ్చి గడిలో పెట్టాడు.

"ఇది ఆ పడిన లారీ. ఈ గడి మైన్స్. ఈడ లారీలు తూచే కాటా. ఈ చింతగింజ మీ నాయన అనుకో. యాడుండొచ్చు, పెట్టు."

"ఆ లారీ కిందే ఉంటే?"

మామ అబద్ధం చెప్పలేదు. "ఉండొచ్చు. అది ఒక్క గడే కదా పాపా. మిగతావీ చూడు."

గింజను కాటా దగ్గర పెట్టాను. తీసి రోడ్డు మీద పెట్టాను. మళ్ళీ తీసి ఇంకో గడిలో పెట్టాను. వాకిట్లో నిలబడ్డ ఆ ఎర్ర మనిషి కనిపించడం మానేశాడు.

చీకటి పడుతుండగా, ఆగిపోయిన లారీల వరుసలో తన బండి వదిలేసి, ఎవరిదో మోటార్ సైకిల్ ఎక్కి నాయన వచ్చాడు. మామ ఆయన్ను చూడగానే పెరట్లోకి పరుగెత్తాడు. అక్కడ వాంతి చేసుకోవడం నాకు వినిపించింది.

నిన్న దినాలకు వెళ్ళినప్పుడు ఆ బండల మీదే గళ్ళు గీశాను. చింతగింజ పెట్టాను, సోడా మూత పెట్టాను. మామకు ఏం పెట్టాలో తోచలేదు. కథ చెప్పేవాడికి బొమ్మ ఎప్పుడూ లేదు.

"యాడుండావు మామా?" అన్నాను.

పట్టపగలే. అయినా వెనక్కి తిరిగి చూశాను.