మంచి చెవిలో నూనె

కారంపూడి చుట్టుపక్కల బావులకు ఆయిలింజన్లు వచ్చిన కొత్తల్లో, అడుగున పైపు మొదట్లో ఉండే వాల్వు చెడిందంటే శౌరికే కబురు వచ్చేది. ఊపిరి బిగబట్టి మునిగి, వాల్వుకు మోకు కట్టి వచ్చేవాడు. ఒడ్డున మనుషులు పైపును లాగి, వాల్వులో అరిగిన తోలుబిళ్ల మార్చి, మళ్లీ దించేవారు. అది సరిగ్గా కూర్చునేదాకా శౌరి నీళ్లలోనే ఉండి, మునుగుతూ తేలుతూ కింది కొసను పట్టి తిప్పేవాడు.

లోతుకు పోయేకొద్దీ నీళ్ల బరువు చెవుల్ని నొక్కేది. ముక్కు మూసుకుని ఒక ఊపు ఊదితే టప్పున విడిపోయేవి. ఒక ఏడు మిరపతోటల తడులప్పుడు జలుబు మీద మునిగాడు. ఎడమచెవి మూసుకుపోయింది. ఎంత ఊదినా విడలేదు.

"నీళ్లు నిలిచినయ్. నీళ్లతోనే రావాలి" అంటూ భార్య దయామణి చెవి నిండా గోరువెచ్చటి నీళ్లు పోసి ఒంటికాలి మీద గెంతించింది. పోసిన నీళ్లు వచ్చాయి, చెవి మాత్రం రాలేదు. వాము మూటతో కాపడం పెట్టింది. ఉల్లిరసం పిండింది. పక్కింటి హనుమాయమ్మ మిరియాలు నమలమంది. నమిలితే ముక్కు కారింది. వీధిలోకి వస్తే చాలు, ప్రతివాడూ చెవి దగ్గర నోరు పెట్టి ఒక వైద్యం అరిచేవాడు.

"వైద్యం తెలవనోణ్ణి ఈ ఊళ్లో నేనొక్కణ్ణేనటే!" అని పెళ్లాం మీద విసుక్కున్నాడు శౌరి.

అతని దిగులు నొప్పి గురించి కాదు. పైపు దించేటప్పుడు ఒక్కోసారి మోకు జారుతుంది. ఒడ్డు మీదివాళ్లు "జారిందొరే!" అని కేకవేస్తే కిందివాడు పక్కకు తప్పుకోవాలి. ఆ కేక వినపడకపోతే తల పగులుతుంది. కుడిచెవి బాగానే ఉంది గదా అని శౌరి ధైర్యం.

మిరపతోట ఆసామి ధనుంజయరావు బావికి పోవాల్సిన పొద్దున, అత్త గ్రేసమ్మ వెల్లుల్లి కాచిన నువ్వులనూనె తెచ్చింది. ఎడమచెవిలో పోసింది. తల ఇటు తిప్పి కుడిచెవి మీద కూడా గిన్నె వంచింది.

"అది బాగానే ఉందిగదత్తా!"

"రెండు చెవులూ అక్కచెల్లెళ్లయ్యా. ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే అలగదూ?" అంటూనే పోసేసి, దూది కుక్కింది.

దూది పీకి, తల ఎంత విదిలించినా నూనె వదల్లేదు. అలాగే వెళ్లాడు. బావి మెట్లు సగం దిగి, ఒడ్డున ఉన్న పాలేరు కోటయ్యను కేకవెయ్యమన్నాడు. కోటయ్య నోరు తెరిచాడు, మెడనరాలు ఉబ్బాయి. శౌరికి తేనెటీగల రొద తప్ప ఏమీ వినపడలేదు. పైకి వచ్చేశాడు.

"ఇయ్యాల నా వల్ల కాదండీ."

"తోట మాడతావుంటే చెవంటావేందయ్యా! రెండు ఆవలింతలు తియ్యి, అదే పోద్ది" అని ధనుంజయరావు మొహం మీదికి వచ్చి అరిచాడు. శౌరి కదల్లేదు. చివరికి కాస్త మునక తెలిసిన మౌలాలీ కోసం మనిషిని పంపారు.

ఏళ్ల తరబడి తనొక్కడే చేసిన పనిని శౌరి ఒడ్డున నిలబడి చూశాడు. చూడలేక తనూ మోకు అందుకున్నాడు. పైపు సగం లేచాక అందరూ ఆగారు. శౌరి ఒక్కడే ఇంకా లాగుతున్నాడు. కోటయ్య వీపు మీద ఒక్కటి చరిచి, మోకు లాక్కున్నాడు. కిందనుంచి మౌలాలీ ఆపమని మొత్తుకుంటున్నాడట. శౌరి చేతులు దులుపుకుని, పోయి ఇంజను గది నీడన కూలబడ్డాడు. తిట్టటానికి ఎవరూ దొరకలేదు.

పొద్దుగూకే వేళకు నీళ్లు కాలవలో పడ్డాయి. మౌలాలీ తడిబట్టలతో వచ్చి పక్కన కూర్చున్నాడు. తల వంచి, చిటికెనవేలు చెవిలో పెట్టి ఆడించాడు. శౌరి అతని మొహంలోకి చూశాడు.

"నీకూ మూసుకుందా?"

మౌలాలీ తల ఊపాడు.

"ఇంట్లో చెప్పమాక" అన్నాడు శౌరి.