టీచరమ్మ కొట్టనివ్వని కొమ్మ

డాలీగంజ్‌లో మా పక్కింటి టీచరమ్మ పోయారు. పొద్దున్నే టీ తాగుతూ వరండా కుర్చీలోనే ఒరిగిపోయారు. కబురు విని నేను పరిగెత్తుకెళ్ళేసరికి ఆవిడ కర్ర ఇంకా కుర్చీకి ఆనించే ఉంది. నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. ఇక ఆ పనస కొమ్మకు దిక్కెవరూ లేరని వాడలో కొందరైనా అనుకుని ఉంటారు.

ఆ చెట్టు మా రెండిళ్ళ మధ్య కంచెలో ఉంది. కొమ్మ ఒకటి టీచరమ్మగారి రేకుల కప్పు మీదికి వంగి ఉంటుంది. వెనక మిగిలిన కాస్త అడవిలోంచి ఒక మానుపిల్లి చెట్ల మీదుగానే వచ్చి, నేల తాకకుండా ఆ కొమ్మ మీంచి ఆవిడ అటక చేరుతుంది. నేల మీద దానికి కుక్కల భయం.

ఆవిడ తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చి హాడో రేవులో పనికి కుదిరారు. అప్పట్లో ఇక్కడ ఇళ్ళకంటే చెట్లే ఎక్కువట. తర్వాత మనమంతా వచ్చాం. చెట్లు కొట్టాం, ఇళ్ళు కట్టాం, చేప తలకాయలు సందు చివర పారేశాం. అవి తిని కుక్కలు మందలయ్యాయి, అడవిలోకీ వేటకు పోయాయి. పులీ తోడేలూ లేని దీవుల్లో ఆ లోటు మనమే తీర్చాం. పాపం మానుపిల్లి, మనిషి నెత్తిమీదే నయమనుకుంది.

టీచరమ్మ చేప తలకాయల్ని కొబ్బరి మొదట్లో పాతిపెట్టేవారు. సాయంత్రమైతే కర్ర పట్టుకుని వరండాలో కూర్చునేవారు. కుక్కను ఒక్కనాడూ కొట్టలేదు. గచ్చు మీద టక్కుమనిపిస్తే చాలు, బడిపిల్లల్లాగే అవీ సర్దుకునేవి.

ఒక ఆదివారం ఎదురింటాయన నిచ్చెన, కత్తి పట్టుకుని వచ్చాడు.

"దీదీ, మీ పిల్లి మా ముర్గీని తినేసింది. కొమ్మ కొట్టేస్తాను."

"తింది భయ్యా, కాదన్నానా? కోళ్ళగూటి తలుపు ఎవరెయ్యలేదు మరి?"

ఆయన నిచ్చెన చెట్టుకి ఆనించాడు.

"జంగల్ కొట్టింది మనం. కుక్కల్ని మేపింది మనం. ఇప్పుడు దాన్నెక్కడికి పొమ్మంటావు, సముద్రంలోకా? నేనుండగా ఈ కొమ్మ ముట్టుకోనివ్వను."

చెట్టు కిందే కుర్చీ వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఆయనే నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

నాకు తెలుగు రాయడం నేర్పింది కూడా ఆవిడే. ఇంట్లో మాట్లాడడమే తప్ప అక్షరం రాని దీవి పిల్లని నేను. "తప్పుల్తోనైనా రాయవే, ఊరుకోకు" అనేవారు. మీరు చదువుతున్న ఈ నాలుగు మాటలూ ఆవిడ పెట్టిన భిక్షే.

కర్మలయ్యాక ఆవిడ తమ్ముడుగారు కప్పు వైపు చూసి అన్నారు, "ఇల్లు అద్దెకివ్వాలి కదమ్మా. ఆ కొమ్మ కొట్టించేద్దాం."

"చెట్టు కంచెలో ఉంది బాబాయ్. సగం మాది. మా సగం కొట్టనివ్వను."

"సగం కొమ్మెలా ఉంచుతావే?"

"అందుకే మొత్తం ఉంచుతాను."

మళ్ళీ వచ్చి మాట్లాడతానంటూ ఆయన హాడో బస్సెక్కారు. రమ్మనండి, నేనెక్కడికీ పోను.

ఆ సాయంత్రం వరండాలో టీచరమ్మ కుర్చీలో కూర్చున్నాను. సందు మలుపులో కుక్కలు ఆగి, కుర్చీ ఖాళీగా ఉందేమోనని ఇటే చూశాయి. కర్ర తీసి గచ్చు మీద టక్కుమనిపించాను. కాసేపటికి పైన రేకుల మీద మెత్తని అడుగుల చప్పుడు.