ఐదున్నర దగ్గర గరగర

నేను సొంతంగా కట్టుకున్న శ్రుతిపెట్టె ఒక సాయంత్రం ఉన్నట్టుండి గరగరమంది. అది బిస్కెట్ల డబ్బాలో బిగించిన సర్క్యూట్. ఓ చిన్న స్పీకరు, ముందు రెండు నాబులు. ఒకటి శబ్దానికి, ఒకటి శ్రుతికి. కొనుక్కోవచ్చు కదా అని అడిగినవాళ్లకు, చదివిన ఫిజిక్స్ డిగ్రీ ఎక్కడో ఒకచోట పనికిరావద్దా అనేదాన్ని.

అశోక్‌నగర్‌లోని కిరాయి గదికి ఆఫీసు నుంచి వచ్చాక నాతో పలికేది ఆ పెట్టె ఒక్కటే. అది ‘స’ పట్టుకుంటే పాడతాను. పట్టుకోకపోతే, తలుపు తాళం తీసిన చప్పుడే ఆ పూటకి ఆఖరి చప్పుడు.

అంతకుముందు గురువారం గురువారం కింది పోర్షన్ స్నేహితురాలు వచ్చేది. తనది నాలుగు శ్రుతి, నాది ఐదున్నర. పాటపాటకీ నాబు కోసం తగువు.

“నీ ఐదున్నరల పాడితే నా గొంతు చిరిగిపోతది.”

“నీ నాలుగుల పాడితే నా పాట నాకే ఇనరాదు.”

వాళ్లాయనకు బదిలీ అయింది. తగువూ పోయింది.

శ్రుతి నాబు వెనక తిరిగే భాగాన్ని దుకాణాల్లో కంట్రోల్ అంటారు. లోపల గుర్రపు నాడాలా వంగిన కార్బన్ పూత, దాని మీద రాసుకుంటూ తిరిగే ఓ చిన్న రేకు. పూత అరిగితే గరగర. పాతదాన్ని ఊడదీసి, డబ్బా సంచిలో వేసుకుని, మర్నాడు ఆఫీసు అయ్యాక చిక్కడపల్లి మీదుగా నారాయణగూడలో ఎలక్ట్రానిక్స్ దుకాణానికి నడిచాను.

“కంట్రోల్ గావాలె. లీనియర్‌ది.”

“రేడియోకా అక్కా? సార్‌ను పంపుండ్రి, సార్‌కు ఎర్కుంటది.”

“సార్ లేడు. ఉంటే నేనే నేర్పుతుంటి.”

అతను నవ్వి, వాల్యూమ్‌కి వాడే రకం తీసి ముందు పెట్టాడు. “గిది మస్తు నడుస్తది.”

వాల్యూమ్ రకం సగందాకా తాపీగా కదిలి, ఆ తర్వాత ఒక్కసారి ఎగబాకుతుంది. చెవికి శబ్దం అలాగే సమంగా పెరిగినట్టు ఉంటుంది కాబట్టి అక్కడ అదే సరైనది. శ్రుతికి పెడితే మాత్రం పై శ్రుతులన్నీ చివరన ఒకదాని మీద ఒకటి పడతాయి. నాకు ఎంత తిప్పితే అంతే కదలాలి. ఇదంతా చెబితే తల గోక్కుని, లీనియర్‌వి మూడు తీశాడు. నేను డబ్బా బయటపెట్టి, క్లిప్పులతో ఒక్కొక్కటే తగిలించి తిప్పాను. మొదటిది కొత్తదై ఉండీ చిటపటలాడింది. రెండోదాని కడ్డీ కదిలే పన్నులా ఊగింది.

“పిల్లను జూసినట్టు జూస్తున్నరేంది అక్కా!”

“పెండ్లికొడుకులను గింత జూస్తే మస్తుమంది ఆడోళ్లు బాగుపడేటోళ్లు.”

మూడోది కాస్త బరువుగా, నెయ్యిలో చెంచా తిరిగినట్టు తిరిగింది. శ్రుతి ఎక్కడా తెగలేదు. అదే తీసుకున్నాను.

ఇంటికొచ్చి, కొత్తదాన్ని అతికించే ముందు ఎందుకో పాతదాన్ని మరోసారి తగిలించి, ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పాను. ఒకటి దగ్గర శుభ్రంగా ఉంది. రెండు, మూడు, నాలుగు, అన్నీ శుభ్రమే. ఐదున్నర దగ్గర మాత్రం గరగర. ఎండకో చలికో శ్రుతి రవ్వంత జారితే రోజూ అక్కడే అటూ ఇటూ సవరించాను మరి. మిగతా పూతంతా ఎవరూ నడవని బాటలా కొత్తగానే ఉంది. దాన్ని తిప్పే రెండో చెయ్యి ఈ గదిలోకి రాక ఎన్నాళ్లయిందో ఆ పూత నాకంటే బాగా చెప్పింది.

కొత్తది అతికించాను. ఐదున్నరకు వెళ్తున్న చెయ్యి నాలుగు దగ్గర ఆగింది. ‘స’ లావుగా, నిమ్మళంగా మోగింది. నా స్నేహితురాలు ఎప్పుడూ ముందు పాడే పాటే ఎత్తుకున్నాను. కింది పంచమం దగ్గర నా గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. తనైతే అక్కడ హాయిగా దిగి కూర్చునేది. సగంలో ఆపకుండా పాట పూర్తి చేశాను.

ఆ రోజు గురువారం కాదు. కానీ గురువారాలు ఇక నాలుగులోనే పాడాలనుకున్నాను. ఇంత ఏరి తెచ్చిన కంట్రోల్‌ని మళ్లీ ఒక్కచోటే అరగనివ్వడం తెలివైన పని కాదు కదా.