పెళ్ళి చీరతో సైకిలెక్కిన అత్త

నిన్న పొద్దున పెనుకొండలో మా ఇంటి వసారాలో కూర్చుని శనక్కాయలు వలుస్తుంటే, హిందూపురం నుంచి మా చిన్నమామ కోడలు ఫోన్ చేసింది. ధర్మవరంలో మామ పెట్టిన సైకిళ్ళ అంగడి ఉండగానే, మొగుడూ పెళ్ళాలు ఇప్పుడు హిందూపురంలో ఇంకొకటి తెరిచారు. అద్దాల తలుపులు, గేర్ల సైకిళ్ళు, బ్యాటరీతో నడిచేవి కూడానట. రీల్స్ చేశారట, స్టేటస్‌లు పెట్టారట, బెలూన్లు కట్టారట. “లైకులు కొడతాండారు గానీ కాలు లోపల పెట్టేవాళ్ళు లేరు అక్కా. నువ్వేదన్నా ఐడియా చెప్పు” అంది. ఆ మాట వినగానే నాకు ఒళ్ళంతా హుషారు వచ్చేసింది. సైకిళ్ళ అంగడికి పబ్లిసిటీ అంటే అడగాల్సింది నన్నే మరి! చేట పక్కకు నెట్టి, కాళ్ళు బారజాపుకుని మొదలుపెట్టాను. పాపం, ఆ పిల్ల ఒక్క ముక్కలో తేలిపోతుందనుకుంది.

మా అమ్మ పుట్టినిల్లు ధర్మవరం. ఇంటిల్లిపాదీ పట్టు నేసేవాళ్ళే. పెద్దమామ చేతి చీరంటే షావుకార్లు మడత విప్పకుండానే తీసుకునేవాళ్ళు. ఆయనకు మాట తక్కువ, చూపు ఎక్కువ. చిన్నమామ అందుకు పూర్తిగా ఎదురు. మగ్గం ముందు కూర్చోబెడితే నిద్ర ముంచుకొచ్చేది, సైకిలు చక్రం చేతికిస్తే మాత్రం అన్నం నీళ్ళు గుర్తుండేవి కావు. పెళ్ళయిన కొన్నేళ్ళకు మగ్గం దిగిపోయి స్టేషనుకు పోయే దారిలో సైకిళ్ళ అంగడి పెట్టాడు. మా వాళ్ళవి నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు వేలాడేసుకుని నేసే మగ్గాలు. తమ్ముడు వదిలిపోయిన గుంటలో పెద్దమామ ఇంకొకర్ని కూర్చోనివ్వలేదు, చాప కప్పి అలాగే ఉంచాడు. అంగట్లో తమ్ముడు ఈగలు తోలుకుంటున్నాడని తెలిశాక ఒకరోజు భోజనాల దగ్గర తేల్చి చెప్పేశాడు. “గుంట అట్లే ఉండాది. శ్రావణం లోపల నీ అంగడి నిలబడితే సరి. లేదంటే గమ్మున వచ్చి కూచో.” నాకైతే ఏడుపొచ్చింది. సైకిళ్ళు లేని చిన్నమామను ఊహించుకోవడం నావల్ల కాలేదు.

నేనప్పుడు హిందూపురంలో బీకాం చదువుతూ సెలవులకు ధర్మవరం వచ్చి ఉన్నాను. వ్యాపారం గురించి నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. ‘గాలి ఉచితం’ అని బోర్డు రాయించాను. ఇంక చూడండి, ఊళ్ళో గాలి తగ్గిన ప్రతి వస్తువూ అంగడి ముందుకు వచ్చేసింది. స్కూటర్లు, టైరు బండ్లు, ఒకాయన ఫుట్‌బాల్ పట్టుకొచ్చాడు. పంపు కొట్టీ కొట్టీ చిన్నమామకు భుజం పట్టేసింది, సైకిలు ఒక్కటీ కదల్లేదు. అయినా నేను తగ్గితే కదా! హిందూపురం నుంచి మైకులో అరిచే మనిషిని పిలిపించి ఆటో ఎక్కించాను. గొంతు కంచులా ఉండేది గానీ, ఆయనకు బతుకంతా సినిమాలకు అరిచిన అలవాటు. తెలుగూ కన్నడమూ కలిపి మా సైకిళ్ళను ఆకాశానికెత్తేసి, చివర్లో రోజూ నాలుగు ఆటలు, ఆడవాళ్ళకు ప్రత్యేక సీట్లు అని ముగించాడు. సాయంత్రానికి ఇద్దరు ముసలమ్మలు వచ్చి టికెట్ ఎక్కడిస్తారని అడిగారు. చిన్నమామ నవ్వలేక ఏడవలేక వాళ్ళకు టీ పోయించి పంపాడు.

అసలు చిక్కు వేరే ఉంది. నేతగాళ్ళు నేసిన చీరలను షావుకారు ఇంటిదాకా చంకన పెట్టుకుని ఎండలో నడిచిపోయేవాళ్ళు. సైకిలంటే భయం. చైను గ్రీజు చుక్క అంటిందంటే చాలు, ఇంటిల్లిపాదీ పడ్డ కష్టం మట్టిపాలైనట్టే. చిన్నమామ చైను కనబడకుండా నిండు కవరు వేసి, వెనక చక్రానికి రెండు వైపులా బట్ట చిక్కుకోకుండా జాలీ బిగించిన సైకిళ్ళు తయారుచేశాడు. మరక పడదని ఒట్లేసి చెప్పాడు. వాళ్ళు తల ఊపి, చీర ఇంకో చంకలోకి మార్చుకుని నడిచిపోయేవాళ్ళు.

అప్పుడు నోరు విప్పింది చిన్నమామ పెళ్ళాం, మా అత్త. అగళి ఊరి పిల్ల, మెతక మనిషి, బావగారి ఎదుట పడాలంటేనే తలుపు చాటుకు పోయేది. ఆ రోజు అంగట్లో నాకూ మామకూ అన్నం గిన్నె దించుతూ, వంకాయ కూర సంగతి చెప్పినంత మామూలుగా అంది: “నా పెళ్ళి చీర కట్టుకుని నేను తొక్కుతా. బజారంతా చూడనీ.” చిన్నమామ కళ్ళు తేలేశాడు. నీకు సైకిలెట్లా వచ్చని అడిగితే, అగళిలో బడికి రోజూ సైకిలు మీదే పోయేదాన్నని, ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదని తాపీగా చెప్పింది. నేను ఎగిరి గంతేశాను. ఆ వెంటనే చీర గుర్తొచ్చింది. మీగడ రంగు పట్టు, ఎర్రంచు. తమ్ముడి పెళ్ళికని పెద్దమామ తన చేత్తో నేసింది. దాని మీద మరక పడిందా, అంగడీ పోతుంది, ఆ ఇంట్లో అత్త మొహమూ చెల్లదు.

ఆషాఢం చివరి రోజుల్లో ఒక సాయంత్రం అంగడి ముందు వీధి వీధంతా చేరింది. పెద్దమామ కూడా వచ్చి, చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడ్డాడు. అత్త కుచ్చిళ్ళు సర్దుకుంది, కొంగు నడుముకు దోపింది, సైకిలెక్కింది. మొదట ఒకసారి అటూ ఇటూ ఊగింది. అంతే, తర్వాత చూడాలి ఆవిడ పోవడం! బడికి ఆలస్యమైన పిల్లలా తొక్కింది. నేను చెప్పులు వదిలేసి వెనకాలే పరుగు. ఎదురుగా గొర్రెల మంద అడ్డొచ్చింది. దిగుతుందనుకున్నాం. బెల్లు గణగణ మోగించి మంద మధ్యలోంచే సందు చేసుకుని పోయింది! మగ్గాల మీదున్న ఆడవాళ్ళంతా గడపల్లోకి వచ్చి చప్పట్లు కొట్టారు. స్టేషను దాకా పోయి తిరిగొచ్చేసరికి ఆమె మొహం చెమటతో, సంతోషంతో వెలిగిపోతోంది. అత్త అంత అందగత్తె అని నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

పక్కింట్లోకి పోయి చీర మార్చుకుని వచ్చి, మడిచిన పెళ్ళి చీరను తిన్నగా పెద్దమామ చేతుల్లో పెట్టింది. “మీరే చూడండి బావా. మీ చేతి చీర.” అంతమందిలో ఆమె బావగారితో మాట్లాడడం అదే మొదలు. పెద్దమామ చీర విప్పి, వెలుతురుకు పట్టి, కుచ్చిళ్ళ వైపు నుంచి అంచు వెంబడి వేలు నడిపిస్తూ వచ్చాడు. కొంగు దగ్గరికి వచ్చాక ఆయన వేలు ఆగిపోయింది. మళ్ళీ చూశాడు. “ఈడొకటి ఉండాది” అన్నాడు. నేను అత్త చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

పెద్దమామ చుట్టూ ఉన్న నేతగాళ్ళకు ఆ చోటు చూపించాడు. “సైకిలుది కాదప్పా, నాది. ఈడ రెండు పోగులు తప్పి నేసినా. గ్రీజు మాత్రం యాడా లేదు” అన్నాడు. తన చేతిలో తప్పు ఉందని ఆయన నలుగురిలో ఒప్పుకోవడం ధర్మవరంలో ఎవ్వరూ విని ఎరగరు. తన తప్పునే దాచని మనిషి సైకిలు కోసం అబద్ధమాడతాడా? బోర్డులూ మైకులూ తేలేని నమ్మకాన్ని ఆ రెండు పోగులు తెచ్చాయి. నేతగాళ్ళు అప్పటికప్పుడు అంగట్లోకి తోసుకొచ్చారు, సైకిలుకు ఎవరి పేరు ముందు రాసుకోవాలని గొడవ. ఆ సందట్లో పెద్దమామ తమ్ముడి భుజం మీద చెయ్యేసి, “గుంటలోకి ఇంకొకర్ని చూసుకుంటాలే. నీ అంగడి నువ్వు చూసుకో పో” అని, చీర మడిచి అత్తకిచ్చి వెళ్ళిపోయాడు. చిన్నమామ పంపు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నవ్వాను కూడా.

ఇదంతా ఫోన్లో ఆ పిల్లకు చెప్పి ముగించేసరికి చేటలో శనక్కాయలు అట్లే ఉన్నాయి. అత్త ఆ రోజు స్టేషను దాకా పోయి రావడానికి అన్నం ఉడికేంత సేపు కూడా పట్టి ఉండదు. మిగిలిన ఏళ్ళన్నీ ఎప్పుడు దొర్లిపోయాయో తెలియదు గానీ, ఆ కాసేపు మాత్రం నాకింకా గడవలేదు.