ఓబుళమ్మక్క నానబోసిన శనగలు

ఈ సాయంత్రం కూడా శనగలు కడిగి నీళ్లు పోశాను. ఒమాన్‌లో విమానాశ్రయం పక్కనే ఉన్న సీబ్‌లో, నేను పనిచేసే ఇంటి మీదుగా విమానాలు దిగుతూనే ఉంటాయి. ఒక్కో మోతకూ కాలు గడప దాటాలని లాగుతుంది. అప్పుడు గిన్నెలో చెయ్యి పెడతాను. తడి శనగల వాసనకు ఓబుళమ్మక్క గుర్తొస్తుంది.

మాది కడప దగ్గరి పల్లె. ఒమాన్‌లో నాకు మొదట పని దొరికింది నడిసముద్రంలోని హల్లానియా దీవిలో. పక్కింట్లో వంట చేసే ఓబుళమ్మక్కదీ మా జిల్లానే. మనుషులైనా బియ్యం బస్తాలైనా మేకలైనా అక్కడికి చేరేది ఒకే ఓడలో. సముద్రం ఎగిరిపడితే అదీ రాదు.

నాకు సెలవు దొరికిన నెలలోనే గాలులు లేచాయి. చెల్లెలి దగ్గర వదిలి వచ్చిన నా కూతురు అప్పటికే ఫోన్ దగ్గరికి రావడం మానేసింది. నన్ను పూర్తిగా మరిచిపోకముందే చేరాలని నా ఆత్రం. పెట్టె సర్దుకుని రోజూ రేవుకు పరుగెత్తేదాన్ని. ఓడ జాడ ఉండేది కాదు. తిరిగొచ్చి కనబడినవాళ్లందరినీ కసురుకుని, పస్తు పడుకునేదాన్ని.

అక్క కూడా సెలవు మీద అదే ఓడ కోసం కాచుకుని ఉంది. అయినా ప్రతి సాయంత్రం శనగలు నానబోసేది. రేపు ఓడ వస్తే పారబోస్తావా అని ఎకసెక్కంగా అడిగాను.

"ఓడొస్తే ఇంటోళ్లు తింటారు, రాకుంటే మనం తింటాం. ఎట్లైనా తెల్లారితే ఆకలైతాది గదా," అంది.

నాకు ఒళ్లు మండింది. ఈమెకు ఇంటి మీద బెంగే లేదనుకున్నాను. ఒక ఉదయం గుగ్గిళ్లకు తాలింపు వేస్తూ మాటవరసకు చెప్పింది. మొదటిసారి సెలవుకు పోయినప్పుడు కొడుకు తనను గుర్తుపట్టలేదట. తొందరపడి చెయ్యి పట్టి లాక్కుంటే గుక్కపట్టి ఏడ్చాడట. "వాడికిప్పుడు మీసాలొచ్చినాయి. ఆ ఏడుపు మాత్రం నాకింకా ఇనపడతాది," అంది.

చివరికి ఓడ వచ్చింది. అక్క నానిన శనగలు ఇంటివాళ్లకిచ్చి, ఒక గుప్పెడు నా చున్నీ కొసకు కట్టింది. డెక్కు మీద మేకల పక్కన కూర్చుని ఇద్దరం నములుతూ వచ్చాం. ఒడ్డున విడిపోయాక మళ్లీ ఆమెను చూడలేదు.

ఊరు చేరితే నా కూతురు చెల్లెలి వెనక దాక్కుంది. ప్రాణం ఉసూరుమంది. చాచబోయిన చేతులు వెనక్కి తీసుకుని, వంటింట్లోకి పోయి శనగలు నానబోశాను. రోజూ అదే పని. ఒక సాయంత్రం పిల్ల తనంతట తానే వచ్చి పక్కన కూర్చుని, గిన్నెలో చెయ్యి పెట్టి కలబెట్టసాగింది. లేచిపోతుందేమోనన్న భయంతో నేను దాని వంక చూడలేదు.

ఆ సెలవు అయ్యాక సీబ్‌లో పనికి వచ్చాను, ఇప్పుడు ఓడ బాధ లేదు. కానీ ఈసారి సెలవు ఎప్పుడిస్తారో తెలియదు. ఆ మాట నిన్న ఫోన్‌లో చెప్పలేక చెప్పాను.

"దినామూ నేను గూడా శనగలు నానబోస్తాండా లేమ్మా," అంది నా కూతురు. "నువ్వు రాకుంటే చిన్నమ్మా నేనూ తింటాం."