బాగలేదని చెప్పిన కవిత

కొడుకు కడుపులో ఉన్నప్పటి నుంచి ఈ బరువు మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

భయం మొదట తాకిన క్షణం బాగా గుర్తు. వనపర్తిలో మా అద్దె ఇల్లు. నేను రొట్టె తడుతున్నాను. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి కొత్త కవిత వినిపిస్తున్నాడు. అప్పుడాయన ఇంజనీరు. రిజర్వాయరు కింద మునిగే ఊళ్లో ఇళ్లు కొలిచి, గోడల మీద నంబర్లు వేసే పని.

"అవ్వ ఇచ్చిన చల్ల తాగిన, ఆమె గోడ మీదనే ఎర్ర నంబరు ఏసిన" అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది.

"ఆదివారం సభల చదువుత. మా పెద్దసార్లు గుడ వస్తరు. ఎట్లున్నదే?"

ఉద్యోగం పోతుంది. నాకు తోచింది అదొక్కటే.

"బాగలే. మీ ఆఫీసు రిపోర్టు లెక్కున్నది."

ఆయన నవ్వాడు. "రిపోర్టుకు సంతకం గావాలె గద. నువ్వు పెడ్తవా?"

"జరుగు జర, రొట్టె మాడుతుంది."

"సరే తియ్. నువ్వు బాగలేదన్నంక ఇంకేముంది."

ఆయన కవితను బండి మీద పోతూ వస్తూ నోటితోనే కట్టుకుంటాడు. నేను బాగుందంటేనే కాగితం మీద పెడతాడు. తెలుగు డిగ్రీ చదివానని నా మాట మీద అంత గురి. ఆ కవిత కాగితం దాకా రాలేదు.

నేను విన్నవాటిలో అదే గొప్పది.

పిల్లల కోసమే అలా అన్నానా? భయమైతుంది, చదవకు అంటే ఆయన వినేవాడు, రాసి దాచుకునేవాడు కూడా. కానీ నా భయాన్ని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, తప్పు ఆయన కవిత మీదికి నెట్టాను. ఆ ఉద్యోగం తర్వాత ఆయనే వదిలేశాడు. గద్వాలలో పొద్దున ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాడు, మిగతా పొద్దంతా కవిత్వం. బతుకుతూనే ఉన్నాం. మరి నేను దేన్ని కాపాడినట్టు?

నిన్న నాగర్‌కర్నూల్ సభలో ఒకమ్మాయి లేచి, మునిగిన ఊరి మీద మీరెందుకు రాయలేదని అడిగింది.

"ఒకటి కట్టిన బిడ్డా. మా ఆమెకు నచ్చలే. ఆమె అబద్ధం చెప్పదు. మల్ల యాది చేసుకుందమన్నా వస్తలేదు" అని నావైపు చెయ్యి చూపించాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. నేను కదల్లేదు.

ఇంతవరకు రాత్రి రాశాను. ఇప్పుడు తెల్లారింది. ఆయన ట్యూషన్‌కు వెళ్లాడు. పిల్లలిద్దరికీ జడలు, బొత్తాలు అయ్యాక కూర్చోబెట్టి చెప్పాను.

"నాన్న ఒక మంచి కవిత కట్టిండు. నేను భయపడి బాగలేదని అబద్ధం చెప్పిన. అది పోయింది."

కొడుకు బూట్ల వైపు చూస్తున్నాడు. కూతురు మాత్రం నన్నే చూసింది.

"నాన్నకు తెల్సా అమ్మా?"

"తెల్వదు బిడ్డా. రాంగనే చెప్త. బడికి జర ఆలస్యమైనా మీరు గుడ ఈడనే ఉండుండ్రి. మీరుంటే నేను మాట మార్చలేను."