నల్లరేవు ఆంటీ

మా హాస్టల్ ఆంటీ పోయారని మొన్న పొద్దున్నే ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. నా బుద్ధే అంత. అవతల ఏడుపు విన్నాక గానీ నమ్మలేదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మోజు జోరుగా ఉన్న రోజుల్లో, అమీర్‌పేటలో జావా నేర్చుకుందామని తెనాలి నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్‌లో ఆవిడ హాస్టల్లో దిగాను. మొదటిరోజే నీళ్ళు కలిపారేమోనని సాంబారు గరిటెతో కెలికి చూశాను. ఆవిడ చూడనే చూశారు.

"జర కిందికెల్లి తీస్కో బిడ్డా, పప్పంత ఆడనే దాక్కున్నది," అన్నారు నవ్వుతూ.

అప్పట్లో హాస్టల్లో ఎవర్నీ ఎవరూ నమ్మేవాళ్ళం కాదు. ఎక్కడో వాకిన్ ఇంటర్వ్యూ ఉందని తెలిస్తే పక్క మంచం పిల్లకి కూడా చెప్పకుండా జారుకునేవాళ్ళం. ఎవరైనా చుడీదార్ ఇస్త్రీ చేసుకుంటే చాలు, అందరి కళ్ళూ అటే.

ఆదివారం తలంట్లయ్యాక ఆంటీ డాబా మీద ఆట పెట్టేవారు. సుద్దముక్కతో సముద్రం గీసి, ఒడ్డున నల్లరేవు అని ఒక ఓడరేవు గీసేవారు. కథంతా ఆవిడ అల్లిందే. సింహాసనం కోసం అన్నదమ్ములు కొట్టుకుంటున్నారు. అన్న రాజయ్యాడు, రేవు తమ్ముడి పక్షాన తిరగబడింది. ఆ తిరుగుబాటుదారులం మేము. రేవు చుట్టూ పేర్చిన చింతగింజలు రాజుగారి ఓడలు.

"గా ఓడలకు నోళ్ళుంటయ్. మంచు ఊదుతయ్. ఒకరి మొకం ఒకరికి కనబడదు," అనేవారు.

మాలో ఒకతె రాజు మనిషి. ఎవరో కనిపెట్టి బయటికి గెంటాలి. తప్పు మనిషిని గెంటితే రేవు పడిపోయినట్టే. ఎవరు రాజు మనిషో ఎవరు కాదో, ఆంటీయే జడలు వేస్తూ ఎవరి సంగతి వాళ్ళ చెవిలో చెప్పేవారు. ప్రతివారం ఓడిపోయేవాళ్ళం. రాజు మనిషి వంతు నాకొక్కసారీ రాలేదు. ఆంటీకి నామీద గురి లేదేమోనని అదొక అనుమానం.

ఒక ఆదివారం నా రూమ్మేట్‌ని గెంటాం. వారమంతా పొద్దున్నే ఎక్కడికో వెళ్ళొస్తోంది, అడిగితే నవ్వుతోంది. వాకిన్లకేనని నా నమ్మకం. అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. ఆ పిల్ల వెళ్ళి నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని ఏడ్చింది.

ఆంటీ లేచి వెళ్ళి దాని పక్కన చతికిలబడ్డారు.

"అదేంటాంటీ, మీరు రేవులో ఉండాలి కదా?" అన్నాను.

"నా మనిషి బయట కూసుంటే నేను లోపలుండి ఏం చేస్త?"

"మరి రాజు మనిషెవరు?"

"గది చెప్తే ఇంక ఆటేముంటది?"

ఆ నెలలోనే నా రూమ్మేట్ హాస్టల్ మారిపోయింది. మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆంటీని మాత్రం చూసి వస్తూండేదాన్ని. ఆవిడంటే నాకెంత ఇష్టమో ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు.

మొన్న ఆవిడని శ్మశానానికి తీసుకెళ్ళిపోయాక హాస్టల్లో కింద ఉండలేక డాబా ఎక్కాను. ట్యాంకు పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు. నా రూమ్మేటే. జుట్టు నెరిసింది.

"ఒకటి అడగనా? ఆ రోజు రాజు మనిషివి నువ్వే కదూ?" అంది.

ఇన్నేళ్ళూ దాని అనుమానం నామీద.

"కాదే. నాకెప్పుడూ ఆంటీ చెప్పింది ఒకటే. 'నువ్వు మనదానివే బిడ్డా, మిగిలినోళ్ళను చూస్కో' అని."

అది నా మొహంలోకి చూసింది. "నాకూ ప్రతివారం అదే చెప్పేవారు. అందరికీ అదే చెప్పారేమో," అంది.

ఆ వారం పొద్దున్నే ఎక్కడికి వెళ్ళేదానివని అడగబోయి ఊరుకున్నాను. అది కాస్త పక్కకి జరిగి, ట్యాంకు నీడలో నాకు చోటిచ్చింది.